చిట్టాకెక్కని సంగతులు

మామయ్య తెనాలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసి మానుకున్న మనిషి. లెక్క ఒక్క రూపాయి తేడా వస్తే ఆయనకు నిద్ర పట్టదు. మేనకోడలు బడిలో తెలుగు చెబుతుంది. రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కులో అరపేజీ రాసుకుంటుంది. ఆ రోజు చూసిన సంగతైనా సరే, ఎప్పటిదో గుర్తుకొచ్చినదైనా సరే. ఇలాంటి రాతల వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందన్నది వాళ్ళిద్దరి మధ్య పాత తగువు. ఈసారి అది ఒక పద్దు పుస్తకం దాకా వెళ్ళింది.

మామయ్య: ఈమధ్య ఏ పత్రిక తెరిచినా ఎవరిదో ఒకరి బాల్యం, అమ్మాయ్. చద్దన్నం, ఆవకాయ, నూతి గట్టు, తాతగారి పడక్కుర్చీ, సంక్రాంతి ముగ్గులు. కింద పేరు తీసేస్తే రాసిందెవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఇంతమందికి ఒకే బాల్యం ఎలా వచ్చిందంటావ్? వాళ్ళు చాలనట్టు నువ్వొకదానివి.

మేనకోడలు: ఆ ఫిర్యాదు నాకూ ఉంది మామయ్యా. వాటిలో ఉన్నవాటికంటే లేనివే నా కళ్ళకు ముందు కనపడతాయి. చద్దన్నం ఉంటుంది, ముందురోజు రాత్రి అందరూ తిన్నాక ఆ గిన్నెలో నీళ్ళు పోసి మూతపెట్టిన మనిషి ఉండదు. నూతి గట్టు ఉంటుంది, ఆ నూతిలో చేద వెయ్యనివ్వనిది ఎవరినో ఉండదు. పండక్కి కొత్త బట్టలుంటాయి, వాటికోసం నాన్న ఎవరి అరుగు మీద గంటసేపు కూర్చుని అప్పు తెచ్చాడో ఉండదు. కానీ నువ్వు చెప్పేది చెడ్డ రాతల సంగతి. కూర మాడిందని పొయ్యే తీసేయమంటే ఎలా?

మామయ్య: పొయ్యి అందరికీ అక్కర్లేదంటున్నాను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్వీయచరిత్ర రాశారంటే అర్థముంది. వితంతు వివాహాలు జరిపించి ఊరినంతా ఎదిరించిన మనిషి. ప్రకాశం పంతులుగారు 'నా జీవిత యాత్ర' రాశారంటే, తుపాకి ముందు గుండె చూపించిన మనిషి. వాళ్ళ బతుకుల్లో చెప్పడానికి ఏదో జరిగింది. మనకేముంది? పొద్దున లేచాం, మిల్లుకెళ్ళాం, వచ్చాం, పడుకున్నాం.

మేనకోడలు: ఏదో జరిగినవాళ్ళు కూడా అందరూ రాయలేదుగా. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన ఆడవాళ్ళ సంగతి చూడు. దళాల్లో పనిచేశారు, రహస్య కబుర్లు మోశారు, అజ్ఞాతంలో బతికారు. పోరాటం ఆగాక చాలామందిని ఇక ఇంటికెళ్ళి కాపురాలు చేసుకోమన్నారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసేదాకా, ఆ బతుకులు చాలామట్టుకు వంటిళ్ళలోనే ఉండిపోయాయి. రాయదగ్గది ఏదో ముందుగా తేల్చేది ఎవరు? 'మాకేముంది చెప్పడానికి' అనేవాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

మామయ్య: అది పోరాటం. నీ అరపేజీలో ఏముంటుంది? కరెంటు పోయింది, పక్కింటావిడ కరివేపాకు అడిగింది.

మేనకోడలు: ఏనుగుల వీరాస్వామిగారు కాశీ వెళ్ళారు తెలుసుగా. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేసేవారు. 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా రాసుకుని, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. ఆయన పోయాక 1838లో పిళ్ళెగారే దాన్ని అచ్చు వేయించారు. అందులో క్షేత్ర మహాత్మ్యాలున్నాయి, నిజమే. కానీ ఇవాళ దాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఏం వెతుకుతారు? ఫలానా మజిలీలో దిగడానికి చోటుందా, అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, బాట ఎలా ఉంది, ఏరు ఎలా దాటారు? ఆయన కాలంలో ఇవన్నీ నీ కరివేపాకు లాంటివే. రైలు రాకముందు మన దేశంలో ప్రయాణం ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పేవి అవే.

మామయ్య: సరే, ఒప్పుకున్నాను. కానీ ఒక తేడా ఉంది. వీరాస్వామిగారు ఏ మజిలీ సంగతి ఆ ప్రయాణంలోనే రాసుకున్నారు. నువ్వు నలభై, యాభై ఏళ్ళనాటివి ఇప్పుడు రాస్తున్నావు. అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలింది గుర్తుందా? 1986 జనవరి 28. మర్నాడు పొద్దున అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరితో ఉన్నారు, ఏం చేస్తున్నారు అని కాగితం మీద రాయించాడు అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు. పావు వంతు మంది ముఖ్యమైన సంగతుల్లో ఒక్కటి కూడా ముందు రాసినట్టు చెప్పలేదు. పైగా చాలామంది తడుముకోకుండా, నిన్న జరిగినట్టు చెప్పారు. రెండున్నరేళ్ళకే అలా ఉంటే నీ చిన్ననాటి కబుర్లకి పూచీ ఎవరు?

మేనకోడలు: నువ్వు నా పక్షాన సాక్ష్యం చెబుతున్నావు మామయ్యా. వాళ్ళ జ్ఞాపకం తప్పని ఎలా తెలిసింది? మర్నాడు పొద్దున రాసిన కాగితం ఉండబట్టి. ఆ కాగితమే లేకపోతే 44 మందీ సత్యవంతులే. మనుషులు తప్పు గుర్తుపెట్టుకుంటారు కాబట్టి రాయొద్దని నువ్వంటావు. అందుకే రాయాలని నేనంటాను.

మామయ్య: మిగతాది కూడా విను మరి. వాళ్ళ చేతిరాత తెచ్చి వాళ్ళ ముందు పెడితే, 'రాత నాదే, కానీ జరిగింది ఇది కాదు' అన్న ధోరణిలో మాట్లాడిన వాళ్ళున్నారు. కాగితం చూసినా మారలేదు. ఇక రాసి ఏం లాభం?

మేనకోడలు: మారకపోవచ్చు. కానీ అప్పటిదాకా అడ్డూ ఆపూ లేకుండా సాగిన కథకి ఒక అడ్డం వచ్చింది కదా. 'అయితే ఈ రాత ఎందుకిలా ఉంది' అని ఒక్క క్షణమైనా ఆగాలి. నా అరపేజీ నుంచి నేను కోరేది అంతే. నాటి రోజుని సీసాలో పెట్టి దాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నాకు నేను చెప్పుకునే కథ మరీ నున్నగా తయారవుతుంటే, అరపేజీలో ఒక గరుకు మాట తగిలితే చాలు.

మామయ్య: గరుకు కావాలంటే నా పద్దు పుస్తకాలున్నాయి, అటక మీద పెట్టెలో. రోజూ చిట్టా, నెలాఖరుకి ఆవర్జా. మిల్లు లెక్క మిల్లుది, ఇంటి లెక్క ఇంటిది. జమ ఇంత, ఖర్చు ఇంత, నిలవ ఇంత. బెంగలేదు, కన్నీళ్ళు లేవు. నిజం కావాలంటే ఇలా రాయాలి.

మేనకోడలు: ఆ పెట్టె తెరిచాను మామయ్యా. మొన్న అటక దులిపించినప్పుడు. 1977 పుస్తకం చూశాను.

మామయ్య: ఏ నెల?

మేనకోడలు: నవంబరు.

మామయ్య: ఊఁ.

మేనకోడలు: మనింట్లో ఏ పెళ్ళికి నలుగురు చేరినా చెప్పుకునే కథ అది. నవంబరు 19, శనివారం. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు ఉప్పెనలో పోయిన రోజు. మన ఊరికి సముద్రపు నీళ్ళు రాలేదు. గాలే వచ్చింది. పాలెంలో గుడిసెల కప్పులు లేచిపోయాయి, కోతకొచ్చిన వరి నేలకి పరుచుకుపోయింది. తెల్లారి అమ్మమ్మ గాదె తెరిపించి, పొయ్యి రాజుకోని ఇంటికల్లా వడ్లు కొలిపించిందని మన కథ. నీ పుస్తకంలో ఆ వారం పేర్లున్నాయి, ఒక్కొక్క పేరుకెదురుగా అరబస్తా, బస్తా అని ఉంది. అంతా సరిపోయింది. ఒక్కటే తేడా. ఆ పేర్లు ఖర్చు కింద లేవు, బాకీ కింద ఉన్నాయి. మరుసటేడు పుస్తకంలో, 1978 డిసెంబరులో, అవే పేర్ల పక్కన 'కోతల కూలి కింద చెల్లు' అని కొట్టేసి ఉంది.

మామయ్య: వడ్డీ వేశామా? లేదే. ఆ ఏడు పంట ఎవరికుంది? మాకూ పోయింది. గాదెలో ఉన్నది పాత వడ్లు, మళ్ళీ పంట దాకా ఇంటిల్లిపాదీ వాటిమీదే బతకాలి. అందులోంచి తీసి ఇవ్వడం అప్పైనా సరే, ఊళ్ళో ఇంకెంతమంది ఇచ్చారో అడుగు. వడ్లకి వడ్లే వడ్డీగా నాగు పెట్టి ఇచ్చినవాళ్ళున్నారు, తలుపేసుకున్నవాళ్ళున్నారు.

మేనకోడలు: చూశావా, ఇది ఆవర్జాలో లేదు. బాకీ, చెల్లు, రెండే మాటలున్నాయి. ఆ రెండు మాటలే చదివితే అమ్మమ్మ పిసినారి అవుతుంది. పెళ్ళిళ్ళలో చెప్పుకునే కథే వింటే దేవత అవుతుంది. ఇప్పుడు నువ్వు చెప్పింది వింటే, తన పిల్లలకి ఏప్రిల్లో ఏం పెట్టాలో తెలియకుండానే గాదె తెరిచిన మనిషి అవుతుంది. మామయ్యా, అరపేజీ కావాల్సింది ఈ మూడోదానికే.

మామయ్య: రాస్తే మనసు తేలికవుతుందని డాక్టర్లు చెప్పారని అంటావనుకున్నా.

మేనకోడలు: దాని సంగతీ చదివాను. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన 1986లో తన విద్యార్థిని శాండ్రా బీల్‌తో కలిసి ఒక అధ్యయనం అచ్చు వేశారు. కాలేజీ పిల్లల్ని నాలుగు రోజులు వరసగా, రోజుకు పావుగంట, బతుకులో తమని బాగా కలవరపెట్టిన దాన్ని గురించి రాయమన్నారు. కొందరిని జరిగింది మాత్రమే రాయమన్నారు, కొందరిని కలిగిన బాధ మాత్రమే, కొందరిని రెండూ. రెండూ కలిపి రాసినవాళ్ళు రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారు. కానీ తర్వాతి నెలల్లో వాళ్ళు విశ్వవిద్యాలయం ఆసుపత్రి మెట్లెక్కడం తగ్గింది. తేలికపడటం నాకు ముఖ్యం కాదు. కానీ నీ పద్దుకీ మన పెళ్ళిళ్ళ కథకీ మధ్య నాకు కనిపించిన ఖాళీ అదే. ఒకదానిలో జరిగింది ఉంది, ఇంకొకదానిలో కలిగింది ఉంది. రెండూ ఒకే కాగితం మీదకి ఎప్పుడూ రాలేదు.

మామయ్య: రావక్కర్లేదు కాబట్టి రాలేదు. అమ్మ పోయి ఎన్నేళ్ళైంది? నువ్వు 'బాకీ' అని రాస్తే లేచి వచ్చి జవాబు చెబుతుందా? బతికున్నవాళ్ళ గురించి రాయి, వాళ్ళు నీతో పోట్లాడుకుంటారు. పోయినవాళ్ళ మీద రాయడం ఏకపక్షం డిక్రీ.

మేనకోడలు: ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఒక లెక్క నువ్వు కూడా సరిచూడు. అమ్మమ్మ జవాబు చెప్పలేదు, సరే. ఆ పేర్లవాళ్ళు? ఏ పెళ్ళిలో ఎవరు ఆ కథ చెప్పినా వాళ్ళు ఊరికే తిన్నవాళ్ళుగానే ఉండిపోయారు. నిజానికి ఆ మరుసటేడు కోతల్లో వంగి ప్రతి గింజా తీర్చారు. యాభై ఏళ్ళబట్టి మనం చెప్పే కథలో తీరిన అప్పు దానంగా చలామణీ అవుతోంది. వాళ్ళ తరఫున జవాబు చెప్పేదెవరు? మన ఇంటి పద్దే చెప్పింది. నేను నోరు మూసుకుంటే అదీ ఏకపక్షం డిక్రీయే, అటువైపు నుంచి.

మామయ్య: ...వాళ్ళ మనవలు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఒకడు బెంగళూరులో ఉద్యోగం. వాడి తాత పేరు మా బాకీ పుస్తకంలో ఉందని నువ్వు అచ్చు వేస్తే వాడు సంతోషిస్తాడా?

మేనకోడలు: పేరు మారుస్తాను. ఆన్ ఫ్రాంక్ అంత చిన్న పిల్ల ఆ సంగతి ఆలోచించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కుని డైరీ రాస్తున్నప్పుడు, 1944 మార్చిలో రేడియోలో విన్నది, యుద్ధమయ్యాక జనం డైరీలు, ఉత్తరాలు సేకరిస్తారని. దాంతో తన డైరీని అచ్చుకి పనికొచ్చేలా మళ్ళీ మొదటినుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. తనతోపాటు దాక్కున్నవాళ్ళకు వేరే పేర్లు పెట్టుకుంది. తనకోసం రాసుకునేటప్పుడు ఒకలా, నలుగురి చేతిలో పడుతుందనుకున్నప్పుడు ఇంకొకలా ఉండాలని ఆ వయసులోనే గ్రహించింది.

మామయ్య: ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరు మారిస్తే సాగుతుంది. మన ఊళ్ళో పేరు మార్చినా గుడిసె ఏ మూలన ఉండేదో చెబితే చాలు, పేరు చెప్పినట్టే.

మేనకోడలు: అయితే అచ్చు వేసేముందు ఆ మనవడికి చదివి వినిపిస్తాను. వద్దంటే వేయను. నోటుబుక్కులో మాత్రం ఉంటుంది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు తోచలేదు.

మామయ్య: పోనీ, ఎందుకు అరపేజీ? ఇంత సంగతి ఉంటే పుస్తకమే రాయొచ్చుగా. శ్రీపాదవారు 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఎంత విస్తారంగా రాశారు!

మేనకోడలు: ఆయనకి ఆ వాక్యం ఉంది, నాకు లేదు. ఇంకో కారణం కూడా ఉంది. పుస్తకమంటే మొదలు నుంచి చివరకి ఒక దారి వెయ్యాలి. దారి వేశామంటే దానికి అడ్డొచ్చినవి తెలియకుండానే పక్కకి తోసేస్తాం. ఇవాళ రాసిన అరపేజీలో అమ్మమ్మ దాత అనుకో, వచ్చే నెల రాసిన దానిలో మొండిది అనుకో, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. ఒకదానితో ఒకటి రాజీ పడక్కర్లేదు. ముళ్ళపూడి వెంకటరమణగారు తన కథకి 'కోతి కొమ్మచ్చి' అని పేరు పెట్టడంలో ఆ స్వేచ్ఛ ఉంది. నామినిగారి మిట్టూరు కథలు చూడు. చిన్న చిన్న తునకలు, ఆ చిత్తూరు యాసలోనే. ఏ తునకకి ఆ తునక నిలబడుతుంది, ఏదీ అమ్మానాన్నల్ని విగ్రహాలు చెయ్యదు.

మామయ్య: బాగా చెప్పావు. కానీ నీ ఈ పద్ధతి లెక్కలకి పనికిరాదు. ఆవర్జాలో రెండు నిలవలుండవు, ఒకటే ఉంటుంది.

మేనకోడలు: అందుకే నిన్నొకటి అడగాలి. ఆ రోజు వడ్లు కొలిచినప్పుడు పద్దు రాసింది నువ్వు. 'అప్పుగా ఇస్తున్నాం, రాసుకో' అని అమ్మమ్మ చెప్పిందా?

మామయ్య: పుస్తకంలో ఉందిగా.

మేనకోడలు: పుస్తకంలో బాకీ అని ఉంది. అమ్మమ్మ ఏమందో లేదు.

మామయ్య: 'కొలిచి పెట్టరా' అంది. అది గుర్తుంది. వాకిట్లో నీళ్ళు, నేను కుర్చీ గుమ్మంలో వేసుకుని రాస్తున్నాను. అప్పన్నదో, ఊరికే అన్నదో... గుర్తులేదు. మిల్లులో చేరి అప్పటికి ఎంతోకాలం కాలేదు. సరుకు గుమ్మం దాటిందంటే ఏదో ఒక ఖాతా కింద చూపించాలని నేర్పారు. చూపించాను.

మేనకోడలు: అయితే కోతల్లో కూలి మినహాయించుకున్నదెవరు?

మామయ్య: పద్దులో బాకీ ఉంటే చెల్లుబెట్టుకోకుండా ఎలా ఉంటారు? మా నాన్న పుస్తకం చూసి మినహాయించాడు. అమ్మ దానికేమందో అదీ నాకు తెలియదు. అడగలేదు.

మేనకోడలు: చూడు మామయ్యా, బెంగలేదు, కన్నీళ్ళు లేవు, నిజమంటే ఇది అన్న పుస్తకం. దాన్నీ ఒక మనిషే రాశాడు. పాతికేళ్ళు కూడా నిండనివాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, తన చేతికి అలవాటైన గడిలో రాసేశాడు. తర్వాత ఏడాదంతా ఊరు ఆ గడి ప్రకారమే నడిచింది. అది కూడా చిన్న సొంత రచనే. కింద సంతకం లేదంతే.

మామయ్య: ఇప్పుడు తప్పు నా మీదకి తోస్తావా?

మేనకోడలు: తోయను. తప్పో ఒప్పో తెలియదని రాస్తాను. పద్దులో ఏముందో రాస్తాను, నీకు ఏది గుర్తుందో, ఏది లేదో అదీ రాస్తాను. పెళ్ళిళ్ళ కథ కూడా వదలను, మనకి అలా చెప్పుకోవడం ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించాలి కనక.

మామయ్య: అరపేజీలో అంతా పడుతుందా?

మేనకోడలు: పడకపోతే ఇంకో అరపేజీ రాస్తాను, ఇంకో రోజు.

మామయ్య: నా మాట మాత్రం మారలేదు. ఇంటి సంగతి ఇంట్లో ఉండాలి. నువ్వు అచ్చు వేయడానికి నేను ఒప్పుకోను. ఆ మనవడు సరేనన్నా సరే, ఒప్పుకోను. కాకపోతే రాసేటప్పుడు ఒకటి చెయ్యి. అమ్మ మాట ఎక్కడ వచ్చినా దాని పక్కన 'పద్దు రాసింది ఫలానా' అని నా పేరు పెట్టు. వాళ్ళందరి పేర్లూ మార్చు, నాది మార్చకు. లెక్క అడగడానికి ఎవడైనా వస్తే, అమ్మ దగ్గరికి కాదు, నా దగ్గరికి రానీ.

మేనకోడలు: అచ్చు విషయంలో నేనూ ఒప్పుకోను. ఇంటి సంగతి ఇంట్లోనే ఉంటే, బయటివాళ్ళకి మన దానాలు మాత్రమే తెలుస్తాయి. నీ పేరు మాత్రం పెడతాను. రాసింది ముందు నీకే చూపిస్తాను, నువ్వు కాదన్నది కొట్టెయ్యను, పక్కన నీ చేత్తో నీ మాట రాయి.

మామయ్య: ఎర్ర సిరాతో రాస్తాను.